ఇత్తడికి రసాయన నలుపు: ఒకే సీసాలో ముంచితే సగానికి పట్టింది, సగానికి పట్టలేదు

మీటరుగేజి (మహబూబ్‌నగర్)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా వైపీ అనే మీటరు గేజి ఆవిరి ఇంజను నమూనా చేస్తున్నాను, 1:32 కొలతలో. సికింద్రాబాద్ నుంచి ద్రోణాచలం దాకా మీటరు గేజి ఉన్న రోజుల్లో మా నాన్నగారు ఆ దారిలో ఫైర్‌మన్‌గా పనిచేశారు. ఆ ఇంజన్లలో ఒకదాన్ని ఆయన బల్ల మీద నిలబెట్టాలని కోరిక. పెద్ద చక్రం అసలు వ్యాసం 1372 మిల్లీమీటర్లు, నా నమూనాలో సుమారు 43.

బాయిలరు, క్యాబు, టెండరు (బొగ్గు, నీళ్లు మోసే వెనక బండి) ఇత్తడి రేకుతో పూర్తయ్యాయి. వాటికి రంగు వేస్తాను, అక్కడ చిక్కు లేదు. చిక్కంతా చిన్న సామానుతోనే. చేతికడ్డీలు 0.8 మిల్లీమీటరు ఇత్తడి తీగ. వాటిని పట్టి ఉంచే గుబ్బలు ఆవగింజకు కాస్త పెద్దవి. ఇవి కాక కప్లింగు గొలుసు, ఆవిరి కవాటాన్ని ఆడించే వాల్వ్ గేరు కడ్డీలు ఉన్నాయి. మొదట వీటికీ రంగే వేశాను. గొలుసు లంకెలు ఒకదానికొకటి అతుక్కుని పుల్లలా బిగుసుకుపోయాయి. వాల్వ్ గేరు నాలుగు సార్లు తిప్పేసరికి కీళ్ల దగ్గర రంగు పొరలుగా రాలింది. అంతా థిన్నరుతో కడిగేసి, ఇత్తడినే నల్లబరచాలని నిశ్చయించుకున్నాను.

బత్తాయితోట గారు ఇదివరకు చెప్పిన పద్ధతి పట్టుకున్నాను. 25 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో కరిగించి, వేరే గిన్నెలో కరిగించిన 12 గ్రాముల సోడా యాష్ (సోడియం కార్బొనేట్) కొద్దికొద్దిగా కలిపాను. బుసబుసా పొంగి, పాలపిట్ట రెక్క రంగులో ముద్ద దిగింది. దాన్ని వడకట్టి, నాలుగు నీళ్లు పోసి కడిగి, గాఢమైన అమోనియాలో కలిపితే చిక్కటి నీలి ద్రావణం వచ్చింది. అందులో ముంచితే గొలుసు, గుబ్బలు మూడు నిమిషాల్లో నల్లరేగడి రంగుకు తిరిగాయి. నమ్మలేకపోయాను. తర్వాత అదే సీసాలో చేతికడ్డీలు, వాల్వ్ కడ్డీలు వేశాను. అరగంట ఉంచినా నలుపు జాడ లేదు. బయటకు తీస్తే ఇత్తడి పసుపు కూడా కాదు, ఒక విధమైన ఎర్రదనం.

మందు అయిపోయిందేమోనని ఇంకో గొలుసు ముక్క వేస్తే అది చక్కగా నల్లబడింది. మరి కడ్డీలకు వచ్చిన రోగం ఏమిటి?

తెరచాప (నాగార్జునసాగర్)

పది కేసుల్లో తొమ్మిది జిడ్డే. బజారులో దొరికే ఇత్తడి తీగకు మెరుపు పోకుండా పలుచటి లాకర్ (పారదర్శకమైన వార్నిష్) పూత ఉంటుంది, కంటికి కనబడదు. అసిటోన్‌లో నానబెట్టి, గిన్నెలు తోమే పచ్చపీచుతో రుద్ది, కడిగి ఒకసారి నీళ్లలోంచి పైకి తీసి చూడండి. నీరు పొరలా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. ముత్యాల్లా విడిపోతే వేలి జిడ్డో పూతో ఇంకా ఉన్నట్టే. ఆ పరీక్షలో నెగ్గాక వేలితో ముట్టుకోకూడదు, ప్లాస్టిక్ చిమటా వాడాలి. నేను 1:64 ఓడకు ఇరవై నాలుగు ఫిరంగులు నల్లబరిచినప్పుడు మూడింటి మీద నా బొటనవేలి ముద్ర అచ్చుగుద్దినట్టు మిగిలింది. ముద్ర గీతలు కూడా లెక్కపెట్టవచ్చు.

బత్తాయితోట (నల్లగొండ దగ్గర)

జిడ్డు అయితే పసుపుగానే ఉండాలి కదా, ఎర్రగా ఎందుకు ఉంటుంది? నా అనుమానం లోహం మీద. ఈ అమోనియా మందు జింకు దండిగా ఉన్న పచ్చటి ఇత్తడికే పనిచేస్తుంది. రాగికి పనిచేయదు, కంచుకూ పనిచేయదు. దుకాణదారుడు ఫాస్ఫర్ బ్రాంజ్ (ఒక రకం కంచు) తీగను ఇత్తడి అని ఇచ్చి ఉండవచ్చు. తీగ కొసను ఆకురాయితో గీసి లోపలి రంగు చూడండి.

మా తోటలో బత్తాయి మొదళ్లకు బోర్డో పేస్టు పూయడానికి మైలుతుత్తం ఎప్పుడూ ఇంట్లో ఉంటుంది, సున్నం కలిపి పూస్తాం. అలా ఈ పద్ధతి నాకు చేతికి అందింది. ఇన్నేళ్లలో మంచి ఇత్తడి మీద ఒక్కసారి కూడా తప్పలేదు.

మీటరుగేజి

గీసి చూశాను. లోపల నిమ్మపండు పసుపు! ఎరుపు పైన మాత్రమే, ఉల్లిపొర కన్నా పలుచన. వాల్వ్ కడ్డీలైతే బాయిలరుకు వాడిన రేకులోంచే కోసినవి, కాబట్టి అది కచ్చితంగా ఇత్తడే.

శుభ్రం చేసిన తీరు కూడా చెబుతాను, అక్కడేమైనా దొరుకుతుందేమో. నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) నీళ్లు వాడాను, లీటరుకు వంద గ్రాములు. మొదట గొలుసు, గుబ్బలు పది నిమిషాలు ఉంచి తీశాను. తర్వాత అవే నీళ్లలో కడ్డీలు. చిన్నవి కాబట్టి అడుగున పడి పోతాయని ఆ కడ్డీలన్నింటినీ బైండింగ్ తీగతో గుత్తిలా కట్టి వేలాడదీశాను. ఆ రోజు కరెంటు పోవడంతో పని ఆపి, మర్నాడు పొద్దున తీశాను.

కుంపటి (వనపర్తి)

దొరికింది. బైండింగ్ తీగ అంటే ఇనుప తీగ కదా? అదే దొంగ.

మాది కంసాలి ఇల్లు. టంకం పెట్టేటప్పుడు నగను ఇనుప తీగతో కడతాం. కానీ ఆమ్లంలో వేసే ముందు ఆ తీగ చివరి ముక్క దాకా విప్పి తీరాలి. మా తాతగారు ఇనుప పటకారును ఆమ్లం గిన్నె దరిదాపుల్లో పెట్టనిచ్చేవారు కాదు, ఆ గిన్నెకు వెదురు చిమటా వేరుగా ఉండేది. నాకు పన్నెండేళ్లప్పుడు తొందరలో ఇనుప పటకారుతోనే వెండి పట్టీలు తీశాను. కళ్లముందే రెండు పట్టీలూ రాగి చెంబులా ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రమంతా కూర్చుని రాయితో తోమాను.

మీరు మొదట వేసిన గొలుసు నుంచి కొంచెం రాగి ఆ నిమ్మ ఉప్పు నీళ్లలోకి దిగింది. నీళ్లు లేత నీలంగానో పచ్చగానో మారి ఉంటాయి, గమనించారా? ఇత్తడి ఒక్కటే ఉంటే ఏమీ కాదు. ఇనుము దానికి తగిలితే ఆ రాగి అంతా వచ్చి ఇత్తడి మీద కూర్చుంటుంది. మీ కడ్డీలకు మీకు తెలియకుండానే రాగి పూత పట్టింది.

పాతబోర్డు (మిర్యాలగూడ)

కుంపటి గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. ముప్పై ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పినవాడిని, కాబట్టి లోపల జరిగినది కొంచెం వివరిస్తాను.

ఇనుము, ఇత్తడి, ఆమ్లం మూడూ కలిస్తే అది చిన్న బ్యాటరీ. ఇనుము కరుగుతుంది, అది వదిలిన ఎలక్ట్రాన్లు తీగ గుండా ఇత్తడి మీదికి చేరతాయి, నీళ్లలోని రాగి అయాన్లు వాటిని అందుకుని లోహంగా మారి అక్కడే అంటుకుంటాయి. రాత్రంతా ఉంచారు కాబట్టి రెండో నష్టం కూడా కొంత జరిగి ఉండవచ్చు. ఇత్తడి ఆమ్లంలో ఎక్కువ సేపు నానితే పైపొరలోని జింకు ముందుగా కరిగి పోయి రాగి మిగులుతుంది. చింతపండులో బిందెను మరిచిపోతే ఎర్ర మచ్చలు పడటం ఇళ్లలో చూసే ఉంటారు.

ఇక నీలి మందు సంగతి. అందులో ఇత్తడిని నల్లబరిచేది జింకే. ఉపరితలం మీది జింకు కరుగుతూ ఉంటే, ద్రావణంలోని రాగి దాని చోట నల్లటి ఆక్సైడుగా కూర్చుంటుంది. పైన రాగి తొడుగు వేసుకుని వచ్చిన కడ్డీకి ఇవ్వడానికి జింకు లేదు. అందుకే అరగంట ఉంచినా చలనం లేదు. మీ మందు మంచిదే, బత్తాయితోట గారి పద్ధతీ మంచిదే.

విరుగుడు సులభం. మందుల దుకాణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది. తాజా నిమ్మ ఉప్పు నీళ్లలో అది కొద్దిగా కలిపి కడ్డీలు వేయండి, రాగి పొర కరిగి పసుపు బయటపడుతుంది. ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండండి, పసుపు కనబడగానే తీసేయండి. ఎక్కువసేపు ఉంటే ఇత్తడినే తింటుంది. మిశ్రమాన్ని సీసాలో బిగించి దాచవద్దు, వాయువు పుట్టి సీసా పగులుతుంది.

ఇంకొక హెచ్చరిక, ఇది ముఖ్యం. మీ చేతికడ్డీలు వంచినవి. గట్టి తీగను వంచితే లోపల బిగువు మిగులుతుంది, బిగువు ఉన్న ఇత్తడికి అమోనియా శత్రువు. బ్రిటిష్ సైన్యం మన దేశంలో తూటాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. ఆ ఇత్తడి తొడుగులు వాటంతటవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, వానాకాలపు తేమ, తొడుగు లాగినప్పుడు మిగిలిన బిగువు, ఈ మూడూ కలిసి చీల్చాయని 1921లో తేల్చారు. కాబట్టి వంపులు తిప్పాక తీగను మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి మెత్తబరచండి. తర్వాత నలుపు పెట్టండి. ఈ వరుస తిరగేయవద్దు.

మీటరుగేజి

కుంపటి గారూ, నీళ్లు నిజంగానే లేత నీలంగా ఉన్నాయి! మురికి దిగిందనుకున్నాను. మాస్టారూ, కాల్చడం గురించి చెప్పకపోతే క్యాబు పక్కన ఉండే పొడవు కడ్డీ ఎప్పుడో ఒకనాడు వంపు దగ్గర విరిగేది. ఇద్దరికీ నమస్కారాలు. ఆదివారం మళ్లీ మొదలుపెడతాను.

కోటగుమ్మం (గద్వాల)

నేను ఇక్కడ కొత్త, మీ చర్చ చదువుతూ ఒక ప్రశ్న వచ్చింది. బీదర్ బిద్రీ పనిలో కోట మట్టితో నవసాగరం కలిపి రుద్దితే నలుపు వస్తుంది కదా. ఆ నలుపు ఎంత నిండుగా ఉంటుందో! అది ఇత్తడికి పనికిరాదా? మనకు పక్కనే ఉన్న ఊరు కాబట్టి అడుగుతున్నాను.

కుంపటి

మంచి ప్రశ్న, నేనూ ఒకప్పుడు ఆశపడ్డాను. బిద్రీ లోహం ఇత్తడి కాదు. దాదాపు అంతా తుత్తునాగమే, అంటే మాస్టారు చెబుతున్న జింకు. పదహారు పాళ్లకు ఒక పాలు రాగి. ఆ మట్టి ముద్ద తుత్తునాగపు మిశ్రమాన్ని నల్లబరిచి, పొదిగిన వెండిని వదిలేస్తుంది, అందం అంతా అందులోనే ఉంది. ఇత్తడిలో రాగి సగానికి మించి ఉంటుంది కాబట్టి ఆ నలుపు రాదు. నేను ప్రయత్నిస్తే పాత చెంబు మీద మచ్చల్లా వచ్చింది.

మేము వెండి పట్టీల సందుల్లో నలుపు నింపడానికి గంధకపు మందు, పొటాషియం సల్ఫైడ్ వాడతాం. అది వెండికీ రాగికీ పడుతుంది, పచ్చి ఇత్తడికి సరిగా పట్టదు. మీటరుగేజి గారు పొరపాటున రాగి పూత పెట్టుకున్న ఆ కడ్డీలు ఉన్నాయి చూశారా, వాటిని తోమకుండా నేరుగా ఈ మందులో ముంచినా నల్లబడతాయి. మా వాళ్లు ఇత్తడి బొమ్మలకు కావాలనే అలా రాగి పట్టించి ఆపైన గంధకం పెడతారు. అంటే ఆయన కడ్డీలు చెడిపోలేదు, వేరే దారికి సిద్ధమయ్యాయి. కానీ గొలుసుదీ కడ్డీలదీ ఒకే నలుపు కావాలంటే తోమి, నీలి మందులోకే రావడం మేలు. గంధకపు నలుపులో కొంచెం గోధుమ ఛాయ ఉంటుంది.

తెరచాప

ఇంత శ్రమ అక్కర్లేని దారి కూడా చెబుతాను. తుపాకీ సామానుకు అమ్మే బ్రాస్ బ్లాక్ మందు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అందులో సెలీనియం ఆమ్లం, రాగి లవణం ఉంటాయి. వేడి అక్కర్లేదు, ఘాటైన వాసన లేదు, రాగి అయినా ఇత్తడి అయినా పడుతుంది. అందరూ చేసే తప్పు ఒక్కటే, సీసాలోది సీసాలోనే ముంచుతారు. ఐదు సెకన్లలో బొగ్గులా అవుతుంది, గుడ్డతో తుడిస్తే మసి మసిగా గుడ్డకే వచ్చేస్తుంది. ఒక పాలు మందుకు తొమ్మిది, పది పాళ్లు డిస్టిల్డ్ వాటర్ కలపండి. ముందు బంగారు గోధుమ రంగు, తర్వాత వంకాయ రంగు, తర్వాత నలుపు వస్తాయి. రెండు నిమిషాలకు తీసి కడిగి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, మళ్లీ ముంచండి. మూడు విడతలు చేస్తే ఆ నలుపు గోటితో గీకినా రాదు.

బత్తాయితోట

తెరచాప గారి ఫిరంగులు చూశాను, అద్భుతంగా ఉన్నాయి. అయినా ఆ మందు ఇంట్లోకి రానివ్వను. సెలీనియం ఆమ్లం విషం, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. వాడితే చేతికి నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. వాడేసిన నీళ్లు ఎక్కడ పోస్తారు? మా జిల్లా తాగునీటిలో ఫ్లోరైడుతో ఎన్ని తరాలు నడుములు వంగాయో ఇక్కడ అందరికీ తెలుసు. ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచంలో నల్లగొండ పేరే పెట్టారు. అటువంటి చోట బోరు పక్కన సెలీనియం నీళ్లు పోయడానికి నాకు మనసు రాదు.

నీలి మందులో ఉన్నదీ అమృతం కాదు. రాగి చేపలకు విషం. కానీ దాన్ని పారబోయాల్సిన పని లేదు. వెడల్పు తొట్టిలో ఎండలో ఉంచితే అమోనియా ఎగిరిపోయి పచ్చటి పొడి మిగులుతుంది, దానికి మళ్లీ అమోనియా కలిపి వాడుకుంటాను.

అమోనియాతో మూడు జాగ్రత్తలు. ఆరుబయటే, గాలికి వీపు పెట్టి కూర్చోవాలి, కళ్లద్దాలు తీయకూడదు. మే నెలలో గాఢ అమోనియా సీసా నేరుగా తెరవకూడదు, లోపల ఒత్తిడి కట్టి మొహం మీదికి చిమ్ముతుంది. అరగంట చల్లటి నీళ్లలో నిలబెట్టి తెరవాలి. అన్నింటికన్నా పెద్దది, మన ఇళ్లలో నీళ్ల ట్యాంకు కోసం బ్లీచింగ్ పౌడరు ఉంటుంది. అది అమోనియాతో కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే వాయువు వస్తుంది. రెండూ ఒకే అలమరలో కూడా పెట్టవద్దు.

తెరచాప

నీళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నేను ఒక చుక్క కూడా పారబోయను, వాడినదంతా మూత బిగించిన డబ్బాలో ఉంది. కృష్ణ ఒడ్డున ఉంటూ ఆ పని చేయగలనా? డబ్బాను ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వారికే ఇస్తాను. టంకం మాత్రం మరిచిపోయారు. టంకం మీద ఏ మందూ ఇత్తడి మీద పట్టినట్టు పట్టదు, అతుకు దగ్గర బూడిద రంగు గీత మిగులుతుంది.

కుంపటి

దానికి ఆ ఇనుప తీగ దొంగతనాన్నే పనికి పెట్టుకోవచ్చు. టంకం మీద మైలుతుత్తం చుక్క వేసి, మేకు కొసతో తాకండి. తాకిన చోట రాగి పూస్తుంది. దాని మీద గంధకం మందో తెరచాప గారి మందో సన్నటి కుంచెతో అద్దితే గీత కలిసిపోతుంది. నీలి మందు అక్కడ పనిచేయదు, ఎందుకో మాస్టారు చెప్పారు.

మీటరుగేజి

ఆదివారం ఫలితం రాస్తున్నాను.

తీగను మసక ఎరుపుకు కాల్చాను. పెరాక్సైడు కలిపిన నిమ్మ ఉప్పు నీళ్లలో వేస్తే సన్నటి బుడగలు లేచి, నాలుగో నిమిషానికి ఎరుపు మబ్బులా తొలగి పసుపు బయటపడింది. ఈసారి కట్టడానికి ఇనుము కాదు, నూలు దారం. పచ్చపీచుతో రుద్ది, నీటి పొర పరీక్ష చేస్తే రెండు కడ్డీలు తప్పాయి, వాటిని మళ్లీ రుద్దాను. మా ఇంటి బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, ఆరితే తెల్ల చుక్కలు పడతాయి. అందుకని ఆఖరు కడుగుడుకు బ్యాటరీ దుకాణం నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చాను.

డాబా మీద, చేయి పెట్టగలిగినంత వేడి నీళ్ల గిన్నెలో మందు సీసా నిలబెట్టి కడ్డీలు దించాను. ముందు ఇంద్రధనుస్సు రంగులు పరిగెత్తాయి, తర్వాత నీలం, రెండున్నర నిమిషాలకు కాకి రెక్క నలుపు. అన్నింటికీ పట్టింది. గొలుసు పక్కన పెడితే తేడా లేదు.

పాతబోర్డు

చాలా సంతోషం. ఇంకొక మెట్టు ఉంది. నూటికి రెండున్నర పాళ్ల కాస్టిక్ సోడా నీళ్లలో ఒకసారి ముంచి కడగండి, నలుపు నిలకడగా ఉంటుంది. చేతి తొడుగులతో చేయండి.

కుంపటి

ఆరాక తేనెమైనం చాలా కొద్దిగా, గుడ్డకు రాసి రుద్దండి. నలుపు లోతుగా కనబడుతుంది. వాల్వ్ గేరు కీళ్లకు మైనం వద్దు, కుట్టు మిషను నూనె ఒక్క చుక్క చాలు.

మీటరుగేజి

రెండూ చేశాను. నిన్న సాయంత్రం కడ్డీలు బిగించి నాన్నగారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలా సేపు చూశారు. క్యాబు మెట్టు పక్క నిలువు కడ్డీ మీద వేలు పెట్టి, "ఇది ఇంత నల్లగా ఉండదు నాన్నా, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు పట్టుకుని పట్టుకుని అరచేయి ఆనే చోట మెరిసేది" అన్నారు. మధ్యలో జానెడు మేర అని చేత్తో చూపించారు కూడా.

నలుపు గీకేస్తే లోపలి ఇత్తడి పసుపు కనబడుతుంది, అసలు ఇంజనులో అది ఉక్కు. ఎలా చేయాలి?

తెరచాప

గీకవద్దు. మెత్తటి పెన్సిలు, 6బి దొరికితే మంచిది, దాని సీసం పొడి చేసి వేలి కొసతో ఆ చోట రుద్దండి. నలుపు మీద గ్రాఫైటు పట్టి ఉక్కు మెరుపు వస్తుంది. జానెడంటే మీ కొలతలో ఏడు మిల్లీమీటర్లు, అంతకు మించనివ్వకండి.

మీటరుగేజి

రుద్దాను. రెండు వైపులా ఏడేసి మిల్లీమీటర్లు. నాన్నగారు చూసి, కుడివైపుది ఇంకాస్త కిందికి ఉండాలన్నారు, ఫైర్‌మన్ ఎక్కేది అటేనట. దాన్ని థిన్నరుతో తుడిచి, ఒక మిల్లీమీటరు కిందికి దించి మళ్లీ రుద్దుతున్నాను.